పసుపు లేని బొట్టు

"ఆ పెట్టె ఇంకెన్నాళ్ళు ఆ మూల పడుంటాది? బియ్యం డబ్బాకి సోటు లేదు గానీ దయ్యం పెట్టెకి ఉందేటి?" అప్పలకొండమ్మ ఆ మాట అనడం ఆ ఉదయం అది మూడోసారి.

"దయ్యం పెట్టె కాదు మామ్మా, ఎక్స్‌టీ కేబినెట్. మదర్‌బోర్డు ఉంది, పవర్ సప్లై ఉంది. హార్డ్‌డిస్క్ ఒక్కటి దొరికితే లేచి కూర్సుంటాది," అంది బుల్లి పోస్టుకార్డు మీంచి తల ఎత్తకుండా.

"అదే కదే నా బయం."

బుల్లికి పదిహేడేళ్ళు. మద్రాసు ఎలక్ట్రానిక్స్ పత్రికకి వారానికో కార్డు రాస్తుంది. 640కె మించి మెమరీ వేయొచ్చా? కోప్రాసెసర్ పెడితే ఈ పవర్ సప్లై తట్టుకుంటుందా? తండ్రి సగం బిగించి వదిలేసిన కంప్యూటర్‌ని తను పూర్తి చేయాలని దాని పంతం. దాని చిన్నాన్న అసిరయ్య పేపరు చదువుకుంటున్నాడు.

"అది సచ్చినోడి సొమ్ము. ఇంట్లో ఉంచకూడదు," అంది అప్పలకొండమ్మ కోడలి వైపు తిరిగి. "నువ్వేటీ సెప్పవేటే?"

సుభద్ర బెండకాయలు తరుగుతోంది. ఏదో అనబోయేంతలో వీధిలో కేక వినబడింది.

"కుక్కర్లు బాగుచేస్తాం!"

ఆమె కత్తిపీట పక్కకి జరిపి, కుక్కర్ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

"గాస్కెట్ అరిగిపోయిందమ్మా," అన్నాడు నెరిసిన గడ్డం మనిషి.

"రబ్బరు మార్చేది అమావాస్యకే."

కోడ్ సరిపోయింది. అతను తాతాజీ. గూఢచారి సంస్థ విశాఖ విభాగానికి చీఫ్. సుభద్ర అతని ఏజెంట్. కోరాపుట్ శివారులోని రక్షణ లేబొరేటరీలో ఆమె డేటా ఎంట్రీ చేస్తుందని మాత్రమే ఇంట్లో తెలుసు.

"రేపు విశ్వకర్మ పూజ," అన్నాడు తాతాజీ స్క్రూ తిప్పుతూ. "పనిముట్టు ఎవరూ ముట్టరు. మధ్యాహ్నానికి లాబ్ ఖాళీ. డ్రాయింగులున్న హార్డ్‌డిస్క్ మాయమవుతుంది."

"ఎవరు తీస్తారు?"

"కోడ్‌నేమ్ కోకిల. మనకీ కూస్తుంది, వాళ్ళకీ కూస్తుంది. ముఖం నేనూ చూడలేదు."

"పట్టుకోవాలా?"

"వద్దు. పట్టుకుంటే వెనకున్న విదేశీ ముఠా దొరకదు. కానీ డిస్క్‌లో ఉన్నది వాళ్ళకి అందకూడదు. ప్రమాదవశాత్తూ పాడైనట్టుండాలి." కుక్కర్ వెయిట్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. రెండుసార్లు తిప్పితే జీపు వస్తుంది."

లోపల అత్తగారి గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

సుభద్ర ఈ పనిలోకి రావడానికి కారణం ఒక వాక్యం. 1985లో తాతాజీ ఆమెకి ఫైలు తెరిచి చూపించాడు. 'దొంగిలించిన డిస్క్‌తో పారిపోతూ మునిగుడ దగ్గర రైల్లోంచి పడి మృతి.' ఆ పడినవాడు భీమారావు. లేబొరేటరీలో హార్డ్‌వేర్ ఇంజనీరు. ఆమె భర్త. శవం పక్కన పగిలిన డిస్క్ దొరికింది. నిజమో కాదో నువ్వే తేల్చుకో అన్నాడు తాతాజీ. రెండేళ్ళుగా ఆమెకి కావలసింది ఆ ఒక్కటే.

లాబ్‌లో ఆమె ముందుండే మెషీన్ భీమారావు బిగించినదే. స్విచ్ వేస్తే ఫ్యాన్ ఒకసారి గురక తీస్తుంది. డిస్క్ గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు కటకటమంటుంది. పచ్చటి అంకెలు మెమరీ లెక్కపెడుతూ 640 దాకా ఎక్కుతాయి. బతికున్నప్పుడు ఆయన కుర్చీ వెనకాల నిలబడి "ఆరొందల నలభై. బతికే ఉంది," అనేవాడు. ఇప్పటికీ ఆ అంకెలు ఎక్కుతున్నంతసేపూ ఆమె వీపు మీద ఆయన చూపు ఆనుతుంది. సోల్డరింగ్ వాసన వస్తుంది. ఆ మాట వినబడుతుంది. ఆమె ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

విశ్వకర్మ పూజనాడు అన్ని మెషీన్లకీ దండలు వేశారు. సుభద్ర కేబినెట్‌కి పసుపు రాసి, పసుపు మీద కుంకుమ పెట్టింది. వెనకవైపు మూత స్క్రూ మీద కూడా అలాగే పసుపు రాసి బొట్టు పెట్టింది.

"బొట్టు పెడితే వారంటీ పోదు కదా?" అని నవ్వింది మిస్ వర్ష. కలకత్తా కంపెనీ సర్వీస్ ఇంజనీరు. చేతుల్లేని జాకెట్టు, నల్లకళ్ళద్దాలు, ఆమె వెళ్ళిపోయాక కూడా గదిలో ఉండిపోయే సెంటు. ఆఫీసులో మగవాళ్ళంతా ఆమె హిందీకి ఇంగ్లీషులో జవాబు చెప్పడానికి తంటాలు పడుతుంటారు.

మర్నాడు ఉదయం సుభద్ర స్విచ్ వేసింది. ఫ్యాన్ గురక తీసింది. అంకెలు 640 దాకా ఎక్కాయి. వీపు మీద ఏ చూపూ ఆనలేదు. ఏ మాటా వినబడలేదు. డిస్క్ కటకటలాడలేదు, సన్నగా ఈల వేసింది.

ఆమె మొదటిసారి వెనక్కి తిరిగి చూసింది. గోడ తప్ప ఏమీ లేదు.

లేచి కేబినెట్ వెనక్కి వెళ్ళింది. స్క్రూ మీద బొట్టు ఉంది. ఎర్రగా, గుండ్రంగా, తాజాగా. దాని అంచున పసుపు మాత్రం లేదు. ఎవరో స్క్రూ విప్పి, డిస్క్ మార్చి, మళ్ళీ బొట్టు పెట్టారు.

"వర్ష మేడమ్ ఏరీ?" అని ప్యూన్ కన్నయ్యని అడిగింది.

"పొద్దున్న బస్సుకే రాయగడ ఎళ్ళిపోయేరమ్మా. కలకత్తా అంట."

సుభద్ర సంచీలోని కుక్కర్ వెయిట్ రెండుసార్లు తిప్పింది.

లక్ష్మీపూర్ ఘాట్‌లో మంచు జీపు అద్దానికి అతుక్కుంది. వెనకసీట్లో ఆమె ముతక చీర కట్టుకుని, జుట్టుకి బూడిద రాసుకుంది. తాతాజీ సీతాఫలాల బుట్ట ఇచ్చాడు. బుట్ట అడుగున చిన్న పిస్తోలు ఉంది. ఆమె దాన్ని తీసి సీటు మీద పెట్టేసింది.

రాయగడ స్టేషన్‌కి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. కలకత్తా వెళ్ళేవాళ్ళు విజయనగరం బండి ఎక్కాలి. మిస్ వర్ష రాయ్‌పూర్ వైపు ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. ఆ దారిలోనే మునిగుడ. ఆమె ఒళ్ళో మిఠాయి పెట్టె ఉంది. ఇటుకంత హార్డ్‌డిస్క్ పట్టే పెట్టె.

బండి వచ్చి ఆగింది. ఫస్ట్‌క్లాస్ తలుపు దగ్గర కెమెరా తగిలించుకున్న తెల్లవాడు ఒక చెయ్యి చాచాడు. రెండో చెయ్యి కోటు జేబులో ఉంది. గార్డు ఈల వేశాడు. వర్ష పెట్టె అందించబోయింది.

డిస్క్ చేతెత్తు నుంచి పడితే చాలు, లోపల చదివే హెడ్ తిరిగే పళ్ళేన్ని గీరేస్తుంది, ఇక దేవుడు కూడా చదవలేడు అనేవాడు భీమారావు. ఆ మాట ఇప్పుడు ఆమె చెవి పక్కనే వినబడింది.

"సీతాపళం బాబూ!" అంటూ ముసలిది తూలి వర్ష మోచేతి మీద పడింది. పెట్టె సిమెంటు మీద దబ్బున పడింది. పళ్ళు దొర్లిపోయాయి. తెల్లవాడు ఏదో తిట్టాడు.

వర్ష గబుక్కున కూలబడింది. పళ్ళు ఏరుతున్నట్టు వంగి, పెదవులు కదపకుండా మాట్లాడింది. హిందీలో కాదు.

"గుణుపురం పిల్లని వదినా. నా పేరు వరహాలమ్మ. పసుపు రాసి బొట్టెట్టాలని నాకు తెలీదనుకున్నావేటి? నువ్వు సూత్తావనే వదిలీసేను."

సుభద్ర చేతిలోని పండు నలిగిపోయింది. "మా ఆయన..."

"ఆయన అమ్మీసుంటే మళ్ళీ అయ్యే డ్రాయింగుల కోసం మేమెందుకొత్తాం? డిస్కు నేనే తీసేను. ఆయన రైలెక్కి ఎంటపడ్డాడు. మునిగుడ దాటాక నా సేతిలోంచి లాక్కుని పట్టాల మీద ఇసిరికొట్టీసేడు. ఈ తెల్లోడే ఆయన్ని తోసేడు." ఆమె ఇంకో పండు తీసి బుట్టలో వేసింది. "రెండేళ్ళయి ఏ బండెక్కినా ఆయన నా ఎదట సీట్లో కూర్సుంటాడు వదినా. ఏటీ అనడు. సూత్తాడంతే."

బండి కదిలింది. వర్ష పెట్టె చెవి దగ్గర ఊపింది. లోపల గరగరమంది.

"ఇట్స్ ఫైన్!" అని తెల్లవాడికి కేకేసి, పరుగెత్తి బండెక్కింది.

బఠాణీల బండి వెనకనుంచి తాతాజీ వచ్చాడు. సుభద్ర విన్నదంతా చెప్పింది.

"ఫైల్లో ఆ వాక్యం కొట్టేస్తాను. దాని బదులు ఏం రాయమంటావు?"

"డిస్క్‌ని పోనివ్వలేదు అని రాయండి."

మర్నాడు పొద్దున్న టిఫిన్ల వేళకి అందరూ ఇంట్లోనే ఉన్నారు. సుభద్ర అసిరయ్య పళ్ళెంలో ఇంకో అట్టు వేసింది. నిరుడు భీమారావు తద్దినం సొంతూరు గుణుపురంలో, పంతులుగారి అరుగు మీద, చుట్టాలెవరికీ చెప్పకుండా జరిగింది. దొంగవాడి తద్దినానికి ఎవరొస్తారని అప్పలకొండమ్మే అలా పెట్టించింది.

"ఈ ఏడు ఆయన తద్దినం ఇక్కడే పెడదాం," అంది సుభద్ర నెమ్మదిగా. "అందరికీ ఉత్తరాలు రాస్తాను. ఆయన దొంగ కాదు అత్తా. నిన్ననే తెలిసింది."

బుల్లి మూలనున్న కేబినెట్ వైపు చూసింది. అసిరయ్య లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు నీళ్ళ దగ్గరే నిలబడిపోయాడు. అప్పలకొండమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనకనుంచే అడిగింది.

"ఎంతమందికి వండాలేటే?"

"ఇరవైమందికి. మా ఆఫీసువాళ్ళు కూడా ఇద్దరొస్తారు," అంది సుభద్ర.

వాళ్ళు ఏ పేర్లతో వస్తారో మాత్రం ఆమెకీ ఇంకా తెలియదు.