పోకువా పెట్టని పేరు

పోకువా నన్ను చూసిన రోజే తిట్టింది. నోటితో కాదు, చేతులతో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అది తిట్టేనని తెలిసిపోయింది.

అప్పుడు నేను కుమాసి పట్నంలో కలప అడితీలో పని చేస్తున్నా. బండి మీద పలకలు వేసుకుని వడ్రంగి షెడ్లకి తోలేవాణ్ణి. ఆ రోజు అజేకుమ్ పెద్దాయన షెడ్డుకి బీరువా పలకలు తెచ్చా. ఆ షెడ్డులో అందరూ చెవిటివాళ్లే. ఒక పక్క వడ్రంగం, ఇంకో పక్క వరండాలో కుట్టు మిషన్లు. పలక నిలువుగా పట్టుకుని, ఎక్కడ దించాలా అని తీరుబడిగా మధ్యలో నిలబడ్డా.

వరండాలో పోకువా. ఆ చివర పెద్దాయన. ఇద్దరూ మంచి కబుర్లలో ఉన్నారు. తలుపంత పలకతో సరిగ్గా వాళ్ల మధ్యలో నేను. ఆ షెడ్డులో అలా నిలబడ్డమంటే మాట్లాడే మనిషి నోరు మూసెయ్యడమే. నాకేం తెలుసు? ఆ పిల్ల మిషన్ దగ్గర్నుంచి లేచొచ్చింది. నా ముందు నిలబడి మొదలెట్టింది. చేతులు, కనుబొమ్మలు, భుజాలు, అన్నీ తిడుతున్నాయి. నేను పలక దించకుండా చూస్తూనే ఉన్నా. అంత అందంగా నన్నెవరూ తిట్టలేదు మరి.

బోవాదీ అని గడ్డం టైలర్ ఒకడు వచ్చి నన్ను పక్కకి జరిపాడు. ఆ పిల్లని చూపించి, మా అమ్మకి కోపమొచ్చింది అని నాకు కూడా అర్థమయ్యేలా నిదానంగా సైగ చేశాడు. వాడికా బొడ్డు దాకా గడ్డం. ఆ పిల్లకి ఇరవై కూడా ఉండవు. వెటకారం చేస్తున్నాడనుకున్నా.

ఆ తర్వాత బండి ఖాళీగా ఉన్నా ఆ షెడ్డుకే పోయేవాణ్ణి. పెద్దాయన సైగలు నేర్పాడు. బోవాదీ బూతులు నేర్పాడు. పోకువా నా సైగలు చూసి పడీపడీ నవ్వేది. జిగురు ఫుఫూ ముద్దలో ఇరుక్కున్న చేతుల్లా ఉన్నాయి నీవి, పోయి కడుక్కురా, అనేది. నిజంగానే కడుక్కుని వచ్చేవాణ్ణి. అది చూసి ఇంకా నవ్వేది.

ఇక పేర్ల సంగతి. మాలో మంగళవారం పుట్టిన మగాళ్లంతా క్వాబెనాలే. నేనూ క్వాబెనానే. బజారులో క్వాబెనా అని అరిస్తే సగం బజారు వెనక్కి తిరుగుతుంది. షెడ్డులో అలా కాదు. మనిషిని కొన్నాళ్లు చూస్తారు. వాడిలో ఇంకెవరిలోనూ లేనిది ఏదుందో పట్టుకుంటారు. దాన్ని ఒక సైగలో పెడతారు. పెద్దాయన పేరు చెవి మీద పెన్సిల్. పోకువా పేరు పళ్లతో దారం కొరకడం. బోవాదీ పేరు గడ్డం అనుకుంటారేమో, కాదు. తినేటప్పుడు వాడు కళ్లు మూసుకుంటాడు, అదీ పేరు.

పేర్లు పట్టడంలో పోకువా చెయ్యే గట్టిది. కొత్తగా ఎవరొచ్చినా ఓ కంట చూస్తుంది, ఒక రోజు టక్కున పెట్టేస్తుంది. అందరూ అదే అంటారు ఇక. పక్క కొట్టు మేకకి కూడా పెట్టింది. నాకు పెట్టదు. ఎదురుగా ఉంటే నన్ను వేలితో చూపిస్తారు. నేను లేనప్పుడో? పలకలు తెచ్చేవాడు, ఆ పొడుగోడు, అని ఇంత చాంతాడు సైగలు చెయ్యాలి. అంత శ్రమ ఎవడు పడతాడు? షెడ్డు దాటితే నేను లేనట్టే. ఎప్పుడడిగినా, నిన్నింకా సరిగ్గా చూడలేదు అనేది. పొద్దస్తమానం నన్నే చూస్తూ.

ఒక సాయంత్రం జోరున వాన. రేకుల మీద ఆ మోత. వీధిలో చెవులున్నవాళ్లంతా మాటలు ఆపేశారు, ఎవడి గొంతు వాడికే వినపడదు. మా షెడ్డులో మాత్రం కబుర్లు సాగుతూనే ఉన్నాయి. పోకువా జడల్లో వాన చుక్కలు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసి ధైర్యం చేశా.

"మేకకి పేరు పెట్టావు. నేను మేక కంటే తక్కువా?"

"మేకకి పెట్టా. నీకు పెట్టను."

"ఇంకెప్పుడు పెడతావు?"

"ఎప్పటికీ పెట్టను."

అని మొహం తిప్పేసుకుంది. చేతులతో మాట్లాడే మనిషి మొహం తిప్పుకుంటే ఇక చెప్పడానికేముంది. ఆ వానలోనే వచ్చేశా. మర్నాటి నుంచి ఆ షెడ్డు బండికి ఇంకొకణ్ణి పంపమని మా మేస్త్రీకి చెప్పేశా.

కొన్నాళ్లకి పెద్దాయన అడితీకి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. దుంగల మీద కూర్చోబెట్టి ఏమైందని అడిగాడు. జరిగింది చెప్పా. ఆయన భుజాలు ఊగేలా నవ్వాడు.

"బోవాదీ ఆ పిల్లని ఏమంటాడు?"

"అమ్మ అంటాడు. వెటకారానికి."

"వెటకారం కాదురా పిచ్చోడా. ఆ పిల్లే వాడికి పేరు పెట్టింది. మా దగ్గర పేరు పెట్టినవాళ్లే తల్లీ తండ్రీ. పండగొస్తే ఆ గడ్డపోడు దానికి కోడి తెచ్చిస్తాడు, కొడుకులాగ. నీకూ పెడితే నువ్వూ కొడుకువే. కొడుకుని ఎవరైనా పెళ్లాడతారా?"

దుంగ మీంచి దిగ్గున లేచా.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. షెడ్డు గుమ్మంలో అరటిపండు ముక్కలు వేయించి అమ్మే కొనాదు, పోకువా వాళ్లమ్మ, ఆవిడా చెవిటిదే. వేలు పెట్టి చూపించాల్సిన మనిషికి నా పిల్లనివ్వను, మనవాళ్లు పేరు పెట్టినవాడే కావాలి అందట. పోనీ ఆవిడనే పెట్టమందామా అన్నా. అప్పుడు పోకువాకి అన్నవవుతావు, కానియ్యి ఆ ముచ్చట కూడా, అన్నాడు. మరి మీరు పెట్టండి అని బతిమాలుకున్నా. అడిగితే వచ్చేది కాదు, కనపడితే పెడతా, అని లేచాడు.

ఆయన వెనకే పోయా. పోకువా మిషన్ మీద వంచిన తల ఎత్తలేదు. బల్ల మీద తడితే చూసేది, కానీ తట్టలేదు. ఆ గుడ్డ కుట్టడం అయ్యేదాకా నిలబడ్డా. పనులాపి అందరూ మావైపే చూస్తున్నారు. చివరికి తల ఎత్తింది.

"నాకు అమ్మ ఉంది," అన్నా. "ఊళ్లో ఉంది. ఇంకో అమ్మ వద్దు."

పోకువా పెద్దాయన వంక కొరకొరా చూసింది. "ఆయన చేతులు ఊరుకోవు."

"నువ్వు నాకు పేరు పెట్టకు. ఎప్పటికీ పెట్టకు."

ఆ పిల్లకి నవ్వొచ్చింది. నా కళ్లలోకి కాదు, నా తల పక్కకి చూసి నవ్వు ఆపుకుంటోంది. బోవాదీ కూడా అటే చూస్తున్నాడు. పెద్దాయన చేతిలో చిత్రిక పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. వేలు చెవి పక్కన పెట్టి రెండుసార్లు ఆడించాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు, అందరి వేళ్లూ చెవుల దగ్గర ఆడుతున్నాయి.

సిగ్గుపడితే నా చెవులు కదులుతాయట. కన్నతల్లి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇంతమందిలో చెవులున్నది వీడికొక్కడికే, వాటిని దేనికి వాడుతున్నాడో చూడండి, అన్నాడు బోవాదీ. కొంచెం చిన్నబోయా. బరువులు మోసే భుజాల మీద వస్తుందనుకున్నా పేరు.

"మొదటిరోజు తిడుతుంటేనే చూశా," అంది పోకువా. "అప్పట్నుంచీ చేతులు బిగబట్టుకునే ఉన్నా."

పెద్దాయన నా భుజం మీద చెయ్యేశాడు. ఇకనుంచి తండ్రిని నేనే కదా, ఆదివారం వీడి తరఫున మీ తలుపు తడతా, అన్నాడు. ఎంత తట్టినా మా అమ్మకి వినపడదు, ముందే చెప్పి ఉంచాలి, అంది పోకువా.

కొనాదు షెడ్డు గుమ్మం దగ్గర కారం పట్టించిన అరటిపండు ముక్కలు వేయిస్తోంది. ఆవిడ కంట పడేలా పోకువా చెయ్యి పైకెత్తి ఊపింది. తర్వాత, నా వైపు చూడకుండా, వేలు చెవి దగ్గర పెట్టి నా పేరు చెప్పింది. ఈ పూట మనింట్లో తింటాడు, అంది.

కొనాదు గరిటె ఆపింది. అంతసేపూ ఆవిడ ఇటే చూస్తోంది, అంతా చూసింది. అయినా కనుబొమ్మలెత్తి, ఎవరూ అని అడిగింది.

పోకువా మళ్లీ చెప్పింది, ఈసారి నిదానంగా.