చెంప మీది పసుపు

పాలు పొయ్యి మీద పెట్టి భాగ్యమ్మ మళ్ళీ చిన్నకూతురి వెనక వచ్చి నిలబడింది. పొద్దుటి విమానం ఇంటి మీదుగా పోయి కిటికీ అద్దాలు గడగడలాడినా అనుపమ తలెత్తలేదు. అక్క కళ్యాణి పెళ్ళికి ముందు చేసిన పసుపు వేడుక ఫోటోలకు లాప్‌టాప్‌లో ఒక్కో ఫిల్టరూ వేసి చూస్తోంది. ఒకటి వేస్తే మనుషులంతా నూనె రాసుకున్నట్టు జిగేలుమంటున్నారు. ఇంకొకటి వేస్తే పందిరంతా పొగమంచు. సాయంత్రానికి ఆల్బమ్ ప్రింటుకు ఇవ్వాలి. రేపు రావిర్యాల నుంచి కళ్యాణి అత్తగారివాళ్ళు వస్తున్నారు.

"గా నా ఫోటో చూపియ్యే," అంది భాగ్యమ్మ.

"ఎన్నిసార్లమ్మా! జర పని చేసుకోనియ్యి."

భాగ్యమ్మకు కావలసింది ఆ ఒక్క ఫోటోనే. భర్త జగదీశ్ పోయిన నాటి నుంచి ఆమె మొహానికి పసుపు తగల్లేదు. కన్నకూతురి వేడుక రోజున కూడా ముత్తైదువలు ముందుంటే తను తలుపు వెనక్కి జరిగింది. కళ్యాణి ఊరుకుంటేనా! ఒంటినిండా పసుపుతో లేచొచ్చి, తల్లిని గట్టిగా పట్టుకుని, తన చెంప ఆమె చెంపకు రుద్దేసింది. చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టారు. అనుపమ టక్కున ఫోటో తీసింది. ఆ తర్వాత భాగ్యమ్మ గబగబా మొహం కడిగేసుకుంది గానీ, ఫోటోలో ఉందిలే అన్న ధీమాతో కడుక్కుంది.

అనుపమ విసుక్కుంటూనే ఫోటో తెరిచింది. కళ్యాణి పౌడరు డబ్బాలో పడ్డట్టుంది. భాగ్యమ్మ చెంప మీద ఏమీ లేదు.

"రంగు మంచిగ లేదే."

"ఏది వేసినా గిదే మాట! పచ్చదనం ఎక్కువుందని ఫిల్టర్ దాన్ని తీసేసింది. అందరు తెల్లగొచ్చిన్రు. ఇప్పుడు గిట్లనే నడుస్తుందమ్మా. నీకేం తెల్వదు, ఊకో."

చాయ్ గ్లాసుతో వచ్చిన మేనత్త సక్కుబాయి తొంగి చూసింది. "మంచిగనే అయ్యింది పో. గా పసుపు అట్లనే ఉంటే కళ్యాణి అత్తగారోళ్ళు ఏమనుకుందురు? దేవుడే తుడిచిండు."

ఇన్నేళ్ళుగా ఆడపడుచు మాటకు తల ఊపడమే భాగ్యమ్మకు తెలుసు. ఇవాళ ఆ తల ఊగలేదు.

"దేవుడు కాదు వదినా. నా బిడ్డ పెట్టింది, ఇంకో బిడ్డ తుడిచింది."

అనుపమ గిర్రున తిరిగింది. "నేనేం చేసిన? పసుపు కావాలని ముందే చెప్పొచ్చు గదా!"

"ఏమని చెప్పాలె? ముండమోసినదానికి పసుపు మీద ఆశ ఉందని చెప్పాలెనా?"

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి. ఎవరూ కదల్లేదు.

అనుపమ మొహం తిప్పుకుని పనిలో పడింది. పసుపురంగు పెంచింది. గోడ పచ్చబడింది, పళ్ళు పచ్చబడ్డాయి, అమ్మ కట్టుకున్న తెల్లచీర కూడా పచ్చబడింది. చెంప మీద మాత్రం పసుపు చార తిరిగి రాలేదు. అసలు ఫోటో కోసం వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది, ఫిల్టర్ వేసి దాని మీదే సేవ్ చేసింది. కార్డు ఖాళీ చేసి, కెమెరా అరువిచ్చిన స్నేహితురాలు రేఖకు తిరిగిచ్చేసింది. ఎవరికీ పంపను కూడా లేదు.

"అమ్మా, అసలుది పోయింది," అంది.

"పోనీలే," అంది భాగ్యమ్మ. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

అనుపమ లేచి వంటింట్లోకి పోయింది. స్టవ్ కట్టేసింది. పసుపు డబ్బా తీసి, అరచేతిలో నీళ్ళతో కలిపి, తన చెంపకు దట్టంగా పూసుకుని వచ్చింది.

"అమ్మా, ఇటు తిరుగు."

"వద్దే. పరేషాన్ చెయ్యకు. అత్త ఉంది."

"ఉండనీ." తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి రుద్దింది. తర్వాత ఫోన్ సక్కుబాయి ముందు చాపింది. "అత్తా, జర ఒక్క ఫోటో తియ్యవా? దీనికి ఏ ఫిల్టరూ వెయ్య."

సక్కుబాయి తమ్ముడి భార్య మొహం వంక చూసింది. ఆ చెంప మీద పసుపు, దాని మీదుగా జారుతున్న కన్నీళ్ళు. చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోన్ అందుకుంది.

"ఏడ నొక్కాలె?" అంది మెల్లగా.

భాగ్యమ్మకు ఏడుపు ఆగలేదు. చెంప మాత్రం పక్కకు తిప్పుకోలేదు.