చేతికిచ్చిన తాళాలు

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. వయసు నలభై రెండు. ఉండేది మేడ మీద ఒంటి గది, అందులోనూ సగం కుట్టుమిషన్‌దే. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, నాకు మిషన్‌తోనే కాపురం, కాలు ఆడిస్తే తప్ప నోరు విప్పదు, అంతకంటే మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడు అని నవ్వేసేది. నా అన్నవాళ్లంటే అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరూ, అంతే. తల్లి చనిపోయిన ఏడాది ఆమె జ్వరంతో మంచం పడితే, నెల రోజులు పక్కనే కూర్చుని మందులు మింగించి, తల దువ్వి, మళ్లీ మనిషిని చేసింది వదినే. అప్పటినుంచీ టైలరమ్మకు వదిన మాటంటే మాటే.

వదిన పార్కుల ఆఫీసులో గుమాస్తా. ఊళ్లోని పార్కులూ, చెట్ల మధ్య కాలిబాటలూ అన్నీ తిరిగి, ఏది ఎంత దూరమో, ఎక్కడ బెంచీలున్నాయో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో రాసి జనానికి ఒక చిన్న పుస్తకం చేసే పని ఆఫీసువాళ్లు ఆమె నెత్తిన పెట్టారు. ఆమె మరదల్ని వెంటేసుకుంది. రెండేళ్లుగా ఆదివారం వచ్చిందంటే ఇద్దరి కాళ్లూ ఇంట్లో నిలవలేదు. మూతపడిన రైలు గట్టు మీద నడిచారు, పాత కాలువ వెంట నడిచారు, స్కూలు వెనక వెదురు పొదల్లో దారి తప్పి అరగంట పోట్లాడుకున్నారు. పుట్టి పెరిగిన ఊరు ఇంత పచ్చగా ఉందని నలభై దాటాక తెలిసిందేమిటని టైలరమ్మ ఆశ్చర్యపోయేది.

ఈ బాటలు ఒక చోట మొదలై ఇంకో చోట తేలతాయి. నడిచినదంతా మళ్లీ వెనక్కి నడవడం ఎందుకని వదినే ఒక ఉపాయం కనిపెట్టింది. చెరో స్కూటర్ మీద చెరో కొసకు వెళ్లడం, ఎదురెదురుగా నడవడం, మధ్యలో కలిసినచోట తాళాలు మార్చుకోవడం. ఈమె స్కూటర్ ఆమె, ఆమె స్కూటర్ ఈమె తోలుకుని వదిన ఇంటికి చేరడం. టైలరమ్మ గుత్తిలో స్కూటర్ తాళంతోపాటు ఇంటి తాళం, బీరువా తాళం కూడా ఉండేవి. విడదీయడానికి బద్ధకం. ఇచ్చేది వదినకే కదా.

ఇక పుస్తకంలో చేరాల్సిన బాట ఒక్కటే మిగిలింది, రిజర్వాయరు వెనక అడవిలోది. ఆరు కిలోమీటర్లు. నెల రోజులుగా వదిన ఎందుకో చిక్కిపోయింది. అడిగితే ఆఫీసు పని అంది. ఆ ఆదివారం మాత్రం తనే ఫోన్ చేసి, నువ్వు తూర్పు గేటు నుంచి రా, నేను పడమటి గేటు నుంచి వస్తాను, మబ్బు పట్టింది కాబట్టి మధ్యలో కబుర్లేమీ పెట్టుకోవద్దు, తాళాలు చేతికిచ్చి సాగిపోదాం అని చెప్పింది. కబుర్ల కోసమే నడిచే మనిషి కబుర్లొద్దనడం విడ్డూరమే. టైలరమ్మ అదేమీ పట్టించుకోలేదు.

మూడు గంటలకు ఆమె బాటలో అడుగుపెట్టింది. సన్నగా తుంపర పడుతోంది. కాలి కింద ఆకులు మెత్తగా నలుగుతున్నాయి. మొదట్లో పిట్టలు బాగానే కూశాయి. కిలోమీటరు రాయి దాటాక ఒక్కొక్కటే తగ్గాయి. రెండో రాయి దగ్గరికి వచ్చేసరికి వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చెట్లు దగ్గర దగ్గరగా జరిగి, పట్టపగలే దీపాలు పెట్టే వేళలా ఉంది. ఎక్కడినుంచో ఒక వాసన వచ్చింది. తడిబట్టలు మూట కట్టి పెట్టెలో మరిచిపోతే కొట్టే ముక్కిన వాసన. అడవిలో బట్టల వాసనేమిటి అనుకుంటూ ఆమె నడక పెంచింది.

మూడో రాయి దగ్గర బాట తిన్నగా, గీత గీసినట్టు ఉంది. అవతలి కొస నుంచి వదిన వస్తోంది. నీలం వాన కోటు, ముఖం మీదికి దించిన టోపీ. ఆ కోటు కుట్టింది టైలరమ్మే. ప్రాణం లేచొచ్చింది ఆమెకు. దూరం నుంచే చెయ్యి ఊపింది. వదిన ఊపలేదు. దగ్గరికొచ్చి, అరచెయ్యి చాపి నిలబడింది.

"తాళాలు," అంది గుసగుసగా. గొంతు వదినదే.

"ఒంట్లో బాగా లేదా వదినా?"

"తాళాలు ఇవ్వు."

ఇచ్చింది. బదులుగా ఆమె అరచేతిలో ఏదో గుత్తి పడింది. మంచుముద్దలా ఉంది. ఇద్దరూ ఒకరి పక్కనుంచి ఒకరు తప్పుకుంటున్నప్పుడు టైలరమ్మ కన్ను అలవాటుగా కోటు భుజం మీద పడింది. నీలం దారం అయిపోయి అక్కడ తెల్లదారంతో రెండు వరసల కుట్టు వేసింది తను. ఆ తెల్లదారం లేదు. నీలం దారమూ లేదు. భుజానికి లేదు, చంకకు లేదు, చేతికి లేదు... ఆ కోటుకు ఎక్కడా కుట్టే లేదు. ఒంటి మీద చర్మంలా అది మనిషిని అంటుకుని ఉంది.

గిరుక్కున తిరిగింది. తిన్నని బాట... కనుచూపు మేర ఖాళీ. తాళాల గలగల మాత్రం వినిపిస్తోంది. దూరం వెళుతోంది. మనిషి పరుగెత్తినా అంత వేగంగా వెళ్లదు...

చెయ్యి విప్పి చూసుకుంది. తాళాలు కావు. నల్లటి పుల్లలు, గుత్తిగా కట్టినవి. విసిరికొట్టి పడమటి గేటువైపు పరుగు తీసింది. ఎన్నిసార్లు పడిందో, ఎంతసేపు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ఒకటే మాట తలలో తిరిగింది. వదిన కూడా ఈ అడవిలోనే ఉంది. ఆమెకు ఏమయిందో, పిల్లలకు ఏమని చెప్పాలో.

వదినకు ఏమీ కాలేదు. పడమటి గేటు బయట స్కూటర్ మీద కూర్చుని ఉంది. నీలం కోటు, భుజం మీద తెల్లదారం. చెప్పులకు ఒక్క ఆకు అంటుకోలేదు. టైలరమ్మ ఏడుస్తూ వెళ్లి చుట్టేసుకోబోతే ఆమె ముఖం తిప్పేసుకుంది.

"ఇచ్చేశావా?" అంది నేల చూస్తూ.

అంటే వదినకు ముందే తెలుసు. వదిన మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. నెల కిందట బాట కొలవడానికి ఒక్కతే వచ్చిందట. మధ్యలో ఎవరో ఎదురొచ్చి అరచెయ్యి చాపి తాళాలు అడిగారట. ముఖం చూస్తే అచ్చం తన ముఖమేనట. పిల్లలున్నారు, నన్ను వదిలెయ్యి, ఇంకొకరిని పంపుతాను అని కాళ్లావేళ్లా పడిందట. ఆనాటినుంచీ రోజూ చీకటి పడగానే ఇంటి తలుపు మీద అరచేత్తో తట్టిన చప్పుడు. లాక్కోవడం దానికి కుదరదట. ఎవరికి వాళ్లు తమ తాళాలు తమ చేత్తో, నమ్మి ఇవ్వాలట.

నమ్మి చేతికిచ్చే అలవాటున్న మనిషి వదినకు ఈ లోకంలో ఒక్కతే ఉంది.

"నేనే ఎందుకు వదినా?" అని అడిగింది టైలరమ్మ. కోపం కూడా రాలేదు ఆమెకు.

"నాకు ఇద్దరు పిల్లలు," అంది వదిన. "నీకెవరున్నారు?"

రెండేళ్ల ఆదివారాలూ, జ్వరంలో తల దువ్విన చేతులూ, చిన్నదానికి పుట్టినప్పటినుంచీ తను కుట్టిన గౌన్లూ అన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. మీరు లేరా అని అడగబోయింది. అంతలో వదిన ఫోన్ మోగింది. అన్నయ్య. వదిన వేలు స్పీకర్ మీద పడిందేమో, ఆయన గొంతు పైకే వినిపించింది. హుషారుగా ఉన్నాడు.

"ఎక్కడున్నావు? చెల్లి ఎప్పుడో వచ్చేసింది ఇక్కడికి. పిల్లలిద్దరికీ ఏవో కుడతానని కొలతలు తీస్తోంది. టేపు మరిచిపోయిందట, జానలతో కొలుస్తోంది. చేతులు చల్లగా ఉన్నాయని పిల్లలు ఒకటే నవ్వు."

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. టైలరమ్మ బావురుమంది. అన్నయ్యా, నేనిక్కడున్నాను, అది నేను కాదు, పిల్లల్ని దాని దగ్గరనుంచి తీసెయ్యి అని అరిచింది. అరిచానని అనుకుంది. గొంతులోంచి వచ్చింది ఏడుపొక్కటే.

"పక్కన ఎవరు, ఏడుస్తున్నది?" అన్నాడు అన్నయ్య.

వదిన తలెత్తి మరదలి కళ్లలోకి చూసింది. ఆ చూపులో జాలి ఉంది. ఆశపడింది టైలరమ్మ. ఇప్పుడైనా నిజం చెబుతుందని, నా పేరు పలుకుతుందని ఆశపడింది.

"ఎవరూ లేరండీ," అంది వదిన. "గాలి."

అటువైపు ఎవరో అన్నయ్యకు ఏదో చెప్పారు. ఆయన నవ్వాడు.

"చెల్లి అడగమంటోంది. వచ్చే ఆదివారం ఎవరిని తీసుకెళ్తున్నావని."

వదిన ఫోన్ పెట్టేసింది. స్కూటర్ తీసింది. వెనక సీటు పట్టుకున్న టైలరమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, ఇంటివైపు వెళ్లిపోయింది.