దర్జీగారి కంటికొలత

ఆ ఉదయం కూడా దర్జీగారి ధర్మాసనం ఎప్పటిలాగే కత్తిరింపు బల్ల వెనుక కొలువుదీరింది. వచ్చినవారిని గుమ్మంలోనే ఆపాదమస్తకం వీక్షించి, చూపుతోనే భుజం, నడుము, పొడవు ప్రకటించడం ఆయన ఘనతల్లో మొదటిది. ఇంటి విషయాల్లోనూ ఆ కంటితోనే తీర్పు చెప్పి, ఆ పిమ్మట మోకరించి దాన్ని దేవునికి విన్నవించడం రెండోది. దేవుడు ఇంతవరకు అప్పీలుకు వెళ్ళలేదు.

ఈసారి వ్యాజ్యం కూతురిది. దూరాన కొండమీది పట్నంలో క్రైస్తవ సంఘం నడిపే అనాథల బడిలో కుట్టు నేర్పడానికి ఆమెకు పిలుపు వచ్చింది.

“నీవల్ల కాదు తల్లీ. ఆ చలికి నువ్వు నిలవలేవు,” అన్నారు దర్జీగారు.

“మీకెలా తెలుసు నాన్నా?”

“చూస్తే తెలియదూ!”

“దేవుణ్ణి అడిగారా?”

“అడిగాను. వద్దన్నాడు.”

“ఎప్పుడన్నాడు?”

“నేను వద్దని చెప్పాక.”

ఇస్త్రీ చేస్తున్న మేనత్త కిసుక్కున నవ్వింది. “పాపం, నీకు ఎదురుచెప్పి ఈ ఇంట్లో ఎవరు బట్టకట్టారు అన్నయ్యా!”

కూతురు నవ్వలేదు. ఆమె కళ్ళు నిండడం చూసి దర్జీగారి మనసు కరిగింది. తీర్పు మాత్రం కరగలేదు. ఊరడింపుగా, ఆదివారం ఆరాధనకని లేతనీలం గౌను ఒకటి కుట్టి తానే చేతికిచ్చారు. కొలతల ప్రసక్తే లేదు. పుట్టిననాటి నుంచి కళ్ళముందు తిరుగుతున్న పిల్ల!

ఆదివారం పొద్దున ఆమె ఆ గౌనులో గది బయటికి వచ్చింది. భుజాలు బిగుసుకుపోయాయి. గౌను చేతులు మణికట్టుకు చాలా పైనే ఆగిపోయాయి.

“ఊపిరాడట్లేదు నాన్నా.”

దర్జీగారు నిర్ఘాంతపోయారు. ముందు కత్తెరను అనుమానించారు, తరువాత గుడ్డను, ఆపైన దాన్ని నేసిన మగ్గాన్ని. తనను తాను అనుమానించుకునే అలవాటు ఆయనకు లేదు.

మేనత్త దగ్గరికి వచ్చి గౌను భుజం తడిమింది. ఎగతాళి చేస్తుందనుకుంటే, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఇది వదిన కొలత అన్నయ్యా.”

ఔను, ఆ ఇరుకు భుజాలు ఆమెవే. పెళ్ళయిన కొత్తలో ఈ బల్ల అవతలే కూర్చుని ఆమె గుండీలు కుట్టేది. దారం పంటితో తెంపి, తెంపిన చోటినుంచే మళ్ళీ పాట అందుకునేది. చలిగాలి సోకితే చాలు, దగ్గు. తలుపులన్నీ మూసి, తన కోటు కూడా ఆమెకే కప్పి ఆయన కాపలా కాసిన ఆ శీతకాలాల్లో ఒకటి ఆమెను తీసుకుపోయింది. ఆనాటినుంచి ఆయన కన్ను ఎవరిని చూస్తున్నా ఆమెనే కాపాడుతోంది.

“చలికి నిలవలేనిది మీ అమ్మ,” అన్నారు మెల్లగా. “నిన్ను నేను చూడనేలేదమ్మా.”

కూతురు ఆయన పక్కన కూలబడింది. “నేను మాత్రం? వెళ్ళాలని తేల్చుకున్నాకే దేవుణ్ణి అడిగాను. మీమీద గెలవాలనే తొందర.”

ఇద్దరూ మోకరించారు. చేతిలో తీర్పు లేకుండా దర్జీగారు మోకరించడం ఆ ఇంటి చరిత్రలో అదే ప్రథమం.

“ప్రభువా,” అని ఆగిపోయారు. “నాకు తెలియదు. నీకు తెలుసు. నీ చిత్తమే కానీ.”

చాలాసేపు ఎవరూ ఆమెన్ అనలేదు. మేనత్త కూడా వాళ్ళ వెనకే మోకాళ్ళమీద కూర్చుంది.

కూతురు తల ఎత్తేసరికి ఆమె ముఖం తేటపడి ఉంది. “ఇప్పుడూ ఆ పిల్లలే మనసులో మెదులుతున్నారు నాన్నా. తొందర మాత్రం లేదు. మీరు ఆగమంటే ఆగుతాను.”

దర్జీగారు తన గుండెలో భయంకోసం వెతికారు. అది అక్కడే ఉంది. కానీ ఇప్పుడు ఆజ్ఞలు జారీ చేయడం లేదు. ఆయన లేచి, సొరుగు అడుగునుంచి టేపు తీశారు.

“నిలబడు తల్లీ. అక్కడ చలట. మందపాటి కోటు కుట్టాలి.”

“కొలతలు తీస్తున్నావా!” మేనత్త నోరు తెరిచింది. “నీ కన్నేమైంది అన్నయ్యా?”

“మసగ్గా ఉందే,” అన్నారు దర్జీగారు, టేపుమీది అంకెలు కూతురిచేతనే చదివించుకుంటూ.