జాస్ట్రో వారి ఖాళీ ఫ్రేము

ఫ్రేము గోడకే ఉంది. అద్దమూ ఉంది. లోపలి కాగితమే లేదు.

1986 జూలై. విస్కాన్సిన్‌లో ఓ పల్లెటూరి చర్చి, దాని కింది హాలు. జాస్ట్రో వంశం వాళ్ళు వందమంది కాఫీ కప్పులతో నిలబడిపోయారు. పోయింది జర్మనీ నుంచి తెప్పించిన ఫోటో కాపీ. ఓడెక్కి వచ్చిన మూలపురుషుడు ఆగస్ట్ పుట్టుక రాసిన పాత చర్చి పేజీ అది. మధ్యాహ్నం రెండు గంటలకి ఆయన సమాధి మీది కొత్త రాయికి గుడ్డ తీసి ఆవిష్కరించాలి. దాని మీద ఆయన తల్లి పేరు కూడా చెక్కించారు.

షెరిఫ్ ఆఫీసు డిటెక్టివ్ మార్లిస్ కూడా ఈ ఇంటి పిల్లే. కజిన్ డెల్బర్ట్ గీసిన వంశవృక్షంలో ఆమె పేరు పైన తండ్రి గడి మాత్రం ఖాళీ.

"చివరిసారి ఎప్పుడు చూశావ్?"

"పదకొండుకి. తొమ్మిదేళ్ళ కష్టం, మార్లిస్."

"తర్వాత ఇక్కడున్నదెవరు?"

"నేను. కేర్‌టేకర్ వెర్న్. వంటింట్లో అల్వినా అత్త."

తాగి రెండుసార్లు స్టేషన్‌కెళ్ళిన వెర్న్ మీదికే అందరి చూపులూ పోయాయి. మార్లిస్ అందరి ఎదుటా అతని ట్రక్కు సోదా చేసింది. ఏమీ దొరకలేదు.

"మీ ముత్తాత కాగితం నాకెందుకమ్మా? మా తాతెవరో నాకే తెలీదు," అన్నాడు వెర్న్.

కొందరు నవ్వారు. మార్లిస్ తలెత్తలేకపోయింది.

ఉత్తరం రాస్తే ఆరు వారాల్లో ఇంకో కాపీ వస్తుంది. అంటే ఈ ఒక్కరోజు అది ఎవరికీ కనబడకపోతే చాలు దొంగకి.

"డెల్బర్ట్, ఇవాళ కొత్తగా వచ్చేదెవరు?"

"జర్మనీ పాస్టర్ హెంకె. ఒంటిగంటకి. పాత చేతిరాత గడగడా చదివేస్తారట."

"ఇన్నాళ్ళూ ఎవరు చదివిపెట్టారు?"

"అల్వినా అత్తే. ఇంకెవరికొచ్చు?"

మార్లిస్ వంటింట్లోకి నడిచింది. అల్వినా పిన్ని కేకులు రెండూ బయట బల్లమీద సగం అయిపోయాయి. అవి తెచ్చిన రేకు డబ్బా మాత్రం కిటికీ దగ్గర మూత బిగించి ఉంది.

"డబ్బా కడిగావా, పిన్నీ?"

"ఎప్పుడో కడిగేశాను."

"తడి రేకుకి మూత పెడితే తుప్పు పడుతుందని నన్ను తిట్టేదానివిగా."

అల్వినా చేతులు తుడుచుకుంది. మెల్లగా మూత తీసింది. లోపల చుట్టిన కాగితం ఉంది. పేజీలో ఆగస్ట్ పుట్టుక రాసిన వరస ఒక్కటే తలకిందులుగా ఉంది.

"పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డని ఆ ఊళ్ళో ఇలాగే రాసేవాళ్ళు. డెల్బర్ట్ అడిగితే, రాసినవాడు తాగి ఉంటాడన్నాను. ఆగస్ట్ తండ్రి మిల్లు యజమాని జాస్ట్రోయే. తల్లి మాత్రం ఆయన భార్య సోఫీ కాదు. పనిమనిషి విల్హెల్మీనా."

"రాయి మీద సోఫీ పేరుంది కదా, పిన్నీ."

"నేను చెప్పిందే చెక్కించారు." అల్వినా గొంతు తగ్గింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మని పైన చర్చిలో నిలబెట్టి అందరికీ క్షమాపణ చెప్పించారు. నేను మూడో బెంచీలో తలొంచుకు కూర్చున్నాను. ఆ బెంచీల నిండా ఉన్నది విల్హెల్మీనా సంతానమే. ఈ పేజీ నా చేతికొచ్చేసరికి మీ అమ్మ పోయి నెలయింది. ఇక ఏ మొహంతో చెప్పను?"

"ఇందాక వెర్న్‌ని సోదా చేస్తుంటే కూడా కూర్చునే ఉన్నావు."

"ఊఁ. అలవాటైపోయింది."

ఆ సోదా చేసిన చేతులు తనవే. మార్లిస్ వాటిని జేబుల్లో పెట్టుకుంది.

అల్వినా ముందు వెర్న్ దగ్గరికి వెళ్ళింది, ఆమె వెనకే మార్లిస్. ఇద్దరూ అందరూ వినేలా క్షమించమన్నారు. వెర్న్ కేకుల బల్ల వైపు చూశాడు.

"ఆ మూల కేకు ముక్క నాకే ఉంచండి," అన్నాడు.

ఒంటిగంటకి పాస్టర్ హెంకె వచ్చేసరికి అల్వినా కాగితాన్ని ఫ్రేములో పెట్టి గోడకి తగిలిస్తోంది.

"అమ్మా, తలకిందులుగా పెట్టారు."

"తెలుసండీ. ఇప్పుడు తిన్నగా ఉన్న ఆ ఒక్క వరసా గట్టిగా చదవండి," అంది అల్వినా. "డెల్బర్ట్, నువ్వు ఆ రాయి మీద గుడ్డ తియ్యకు. చెక్కేవాణ్ణి మళ్ళీ పిలవాలి."