ఎనక నేనున్నాను

మా ఊళ్లో తడి వలను కర్రకు వేలాడదీసి ఇద్దరు భుజాన మోస్తారు. ముందు నడిచేవాడికి వెనకవాడు కనపడడు. బరువు సగం తగ్గితే ఉన్నాడని తెలుస్తుంది, అంతే. పదేళ్లుగా నేను ముందు, మా బావ ఢిల్లేశ్వరరావు వెనక. లంగరు పడి ఎడమకాలి చిటికెనవేలు పోయినా కుంటుతూ మోసేవాడు. నా పెళ్లికైనా, ఊరి తగాదాకైనా, "ఎనక నేనున్నాన్రా" అనేవాడు. ఆ ధైర్యంతోనే బతికాను.

పదకొండు రోజుల కిందట కెరటాల్లో పడవ తిరగబడింది. నా వెనకే ఈదుతున్న బావ, "అప్పలసామీ!" అని పిలిచాడు. నేను వెనక్కి చూడలేదు. ఒడ్డు చేరాక మాత్రం, చాలాసేపు వెతికానని నా భార్య గౌరికి చెప్పాను. బావ ఆమెకు ఒక్కగానొక్క అన్న. మర్నాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడొద్దని పెద్దలు అన్నారు. నాకు అలవాటైన పనేగా!

నిన్న పొద్దుగూకే వేళ, బావ బదులు పనిలోకొచ్చిన కుర్రాడు సునీల్‌తో వల మోసుకొస్తున్నాను. జీడితోట దగ్గర అతను ఆగాడు.

"తెడ్డు మర్సిపోనాను అన్నా, ఇప్పుడే వత్తాను," అని తన వైపు కర్ర కొస నేల మీద దించి పరిగెత్తాడు.

కాసేపటికి ఆ కొస లేచింది. నడిచాను. ఎండుటాకులు నా కాళ్ల కిందే నలుగుతున్నాయి. వెనక ఏ చప్పుడూ లేదు... నాచు వాసన మాత్రం వస్తోంది.

"సునీలూ?"

"ఎనక నేనున్నాన్రా. నడు."

మెడ బిగుసుకుపోయింది. అప్పుడే ఒడ్డు వైపు నుంచి, చాలా దూరంగా, సునీల్ కేక.

"ఆగన్నా! ఒక్కడివే ఎలా మోసేత్తన్నావు?"

కర్రను రెండు చేతులా పట్టుకున్నాను.

"బావా... నన్నొగ్గేయ్," గొణిగాను. "ఇంక నేనే మోసుకుంటాను."

బరువంతా ఒక్కసారిగా నా మీద పడింది. చెవి పక్కన చల్లటి ఊపిరి...

"సర్లే. ఈపాలి నేను ముందుంటాను. నువ్వు పిలిసినా సూడను."

వల పడేసి ఇంటికి పరిగెత్తాను. తలుపు గడియ వేసుకుని పడుకున్నాను. గౌరికి ఏమీ చెప్పలేదు. చెబితే మొదటి నుంచీ చెప్పాలి.

పొద్దున్నే వాకిలి ఊడవబోయి ఆమె ఆగిపోయింది. గుమ్మం నుంచి సముద్రం దాకా ఇసుకలో వెళ్లిన రెండు జతల అడుగులు. ముందున్నవి పెద్దవి. వెనకవి నావి. నేను రాత్రంతా గడప దాటలేదు.

గౌరి తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"ఆ రోజు నీళ్లల్లో ఎవరు ముందున్నారు మావా?"

సముద్రం నుంచి గుమ్మానికి తిరిగొచ్చిన అడుగుల్నే నేను చూస్తున్నాను. ఒక్క జతే ఉంది... ఎడమ అడుగులో చిటికెనవేలు లేదు.