చంద్రశిల మీద యువరాజు ముఖం

పూర్వం హేమకూట రాజ్యంలో ఒక ఉదయం రాజసభ కిటకిటలాడుతుండగా, ఖాళీ బట్టలు వాటంతట అవే నడిచివచ్చి యువరాజు ఆసనంలో కూర్చున్నాయి. పట్టు అంగీ ఉంది. దాని పైన తలపాగా గాలిలో నిలిచి ఉంది. మధ్యలో ఉండవలసిన ముఖం మాత్రం లేదు.

“భయపడకండి, నేనే!” అంది యువరాజు సుకేతుడి గొంతు. అప్పటికే సభలో సగంమంది తలుపుల దగ్గరికి చేరుకున్నారు.

సుకేతుడు ముందురోజు వేటకు వెళ్ళినప్పుడు కరాళుడనే రాక్షసుడి కంట పడ్డాడు. ఆ రాక్షసుడికి సొంత రూపమంటూ ఏదీ లేదు. తనకు నచ్చినవాళ్ళ రూపాన్ని మంత్రంతో ఊడదీసి, చొక్కాలాగా తొడుక్కుని తిరుగుతాడు. అలాగే యువరాజు రూపాన్నీ తొడుక్కుని వెళ్ళిపోయాడు.

రాజగురువు ముందుకు వచ్చాడు. “మహారాజా, రాక్షసుడి గుహ ముందు చంద్రశిల అనే తెల్లని బండ ఉంది. ఎవరైనా దాని మీద యువరాజును ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా చిత్రిస్తే, రూపం ఆ రాక్షసుణ్ణి వదిలి వచ్చేస్తుంది. ఆ శిల ముందు కుంచె పట్టుకున్నవాళ్ళ జోలికి రాక్షసుడు పోలేడు. కానీ ఆలస్యం పనికిరాదు. రూపం పోయినవాడికి గొంతు కూడా రోజురోజుకీ సన్నబడుతుంది. ఆ గొంతు కూడా పోతే ఇక మిగిలేది ఏమీ లేదు” అన్నాడు.

రాజు దండోరా వేయించాడు. పేరుమోసిన చిత్రకారులందరూ బయలుదేరి వెళ్ళారు, వెళ్ళినవాళ్ళందరూ వెలవెలబోయిన ముఖాలతో తిరిగి వచ్చారు. “వాడు మమ్మల్ని ముట్టుకోలేదు మహారాజా! పక్కనే కూర్చుని నవ్వుతాడు. ఒక్క గీత గీయగానే ‘ఇంతేనా?’ అంటాడు. ఆ మాటతో చెయ్యి బిగుసుకుపోతుంది. కిందా మీదా పడి బొమ్మ పూర్తిచేసినా రూపం రాలేదు” అని చెప్పుకున్నారు.

ఆ నగరంలోనే కువలయ అనే అమ్మాయి ఉంది. రెండేళ్ళ కిందట ఆమె రాజసభ గోడ మీద ఒక నెమలిని చిత్రించింది. దాన్ని చూసి దేశమంతా మెచ్చుకుంది, పొరుగు రాజులు కూడా పల్లకీలెక్కి వచ్చి చూసి వెళ్ళారు. ఆ మెప్పే ఆమె పాలిట శాపమైంది. ఆ తర్వాత కుంచె ఎత్తిన ప్రతిసారీ, ‘ఇది ఆ నెమలి కన్నా బాగుంటుందా?’ అనే ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడేది. చెయ్యి గాలిలోనే ఆగిపోయేది. ఎవరైనా అడిగితే “మంచి ముహూర్తం చూసి మొదలుపెడతాను” అనేది. ఏ ముహూర్తమూ కుదరలేదు. జేగురు రంగు నూరడం, ఎండిపోయాక పారబొయ్యడం, మళ్ళీ నూరడం, ఇదే ఆమె పని అయింది.

ఒక మధ్యాహ్నం యువరాజు బట్టలు ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి.

“నువ్వు రావాలి కువలయా” అంది సుకేతుడి గొంతు.

“నేనా! రెండేళ్ళుగా నా చేత ఒక్క గీత కూడా పడలేదు యువరాజా.”

“నాకు ముఖమే లేదు. నీకు గీత రాదు. ఇద్దరం సరిపోయాం. పద!”

కువలయ ఫక్కున నవ్వేసింది. నవ్విన తర్వాత కాదనడం కష్టమైంది. రంగుల చిన్న కుండలను మూట కట్టుకుని ఆయన వెంట నడిచింది.

అడవిలో కొంతదూరం పోయేసరికి పొదలు చీల్చుకుంటూ ఒక పులి దూకింది. దాని ఒంటి మీద ఒక్క చార కూడా లేదు. గుమ్మడిపండులా పచ్చగా మెరిసిపోతోంది.

“నవ్వారంటే తినేస్తాను!” అంది పులి. “కరాళుడు నా చారలు ఊడదీసుకుపోయాడు. అప్పటినుంచి నేను ఆమడ దూరంలో ఉండగానే లేళ్ళు నన్ను చూసి పారిపోతున్నాయి. ఆకలితో చస్తున్నాను. నీ దగ్గర రంగుల వాసన వస్తోంది పిల్లా. చారలు గియ్యి, లేకపోతే ఈ పూటకి నువ్వే నాకు భోజనం!”

కువలయ కాటుకలో కుంచె ముంచింది. మొదటి చార మెలికలు తిరిగిపోయింది. రెండోది మధ్యలో తెగిపోయింది. “అయ్యో, పాడుచేశాను!” అని ఆగిపోబోయింది.

“ఆపావా, తింటాను!” అని గర్జించింది పులి.

ఆపడానికి వీల్లేదు కాబట్టి గీస్తూనే పోయింది. తోక చివరిదాకా వంకరటింకర చారలు గీసి, కళ్ళు గట్టిగా మూసుకుంది. పులి మడుగు దగ్గరికి వెళ్ళి నీళ్ళలో తన నీడ చూసుకుంది. తర్వాత గడ్డిలో పడుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే మాయమైంది!

“ఎక్కడుందది?” అన్నాడు సుకేతుడు.

“ఇక్కడే, నీ కాళ్ళ దగ్గరే!” అంది పులి సంబరంగా. “తిన్నని చారలైతే గడ్డిలో ఇట్టే కనిపించిపోతాయి. గడ్డి వంకరగానే ఉంటుంది కదా తల్లీ! వెళ్ళండి, ఈ అడవిలో మిమ్మల్ని ఏ మృగమూ ముట్టుకోదు.”

సుకేతుడు ఏదో అన్నాడు గాని, కువలయకు సరిగా వినిపించలేదు. అతని గొంతు అప్పటికే పలచబడుతోంది. ఇద్దరూ అడుగులు వేగంగా వేశారు.

అడవి దాటగానే ఒక ఏరు అడ్డం వచ్చింది. పడవ లేదు. ఇసుకలో ఒక ముసలవ్వ కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటోంది.

“ఏరు దారి ఇవ్వాలంటే దానికి ఇసుకలో బొమ్మ గీసి చూపించాలే అమ్మా. నచ్చితే విడుస్తుంది” అంది అవ్వ.

కువలయ బాగా ఆలోచించి, ఏడు పడగల నాగరాజును మొదలుపెట్టింది. రెండో పడగ పూర్తి కాకముందే అల వచ్చి తుడిచేసింది. ఏనుగుల ఊరేగింపు మొదలుపెట్టింది. అదీ పోయింది. పొద్దు వాలుతోంది, కువలయకు ఏడుపు వచ్చింది.

“ఎంత గొప్పగా గీద్దామన్నా ఉండనివ్వదేం అవ్వా?”

“ఉండదే తల్లీ, ఏ బొమ్మయినా దానికి తుడవడానికే. ఉండిపోని బొమ్మ కోసం అంత బెంగెందుకు పెట్టుకుంటావు? నీకు గియ్యాలనిపించింది గియ్యి.”

కువలయ నాగుల్నీ ఏనుగుల్నీ పక్కనపెట్టింది. తర్వాత వేలితో ఒక కప్పను గీసింది. అల తుడిచేసింది. అవ్వ ముక్కు గీసింది, అవ్వ కిచకిచా నవ్వింది. తలపాగా చుట్టుకున్న గుమ్మడికాయను గీస్తే, “అది నేనా?” అని సుకేతుడు రోషపడ్డాడు. అల తుడిచినకొద్దీ ఆమె వేలికి వేగం వచ్చింది. పిల్లి, కవ్వం, చెప్పులేసుకున్న కోడి… గీస్తున్నది బాగుందో లేదో చూసుకోవడమే మరిచిపోయింది. ఎప్పటికో తలెత్తి చూస్తే, ఏరు రెండుగా చీలి మధ్యన తడి ఇసుక దారి మెరుస్తోంది.

మర్నాడు ఎండ ఎక్కే వేళకు ఇద్దరూ చంద్రశిల దగ్గరికి చేరారు. పక్కనే బండ మీద కరాళుడు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద సుకేతుడి రూపం ఉంది. చక్కని ముఖమే గాని పెదవి మీద ఒక వెక్కిరింపు విరుపు, అరమోడ్పు కళ్ళల్లో చులకన.

“రా రా చిత్రకారిణీ! నన్ను చూసే గియ్యి. నేనేం దాచుకోను” అన్నాడు వాడు.

కువలయ కుంచె ఎత్తి వాడివైపు చూసింది. చూడగానే ఆమెకు అసలు సంగతి తెలిసిపోయింది. నిన్నటినుంచి తన పక్కన నడిచినవాడు ఎవరినీ ఇలా చులకనగా చూసేవాడు కాడు. మిగతా చిత్రకారులంతా ఈ పెదవి విరుపునే దించారు. వాళ్ళు గీసింది రాక్షసుణ్ణి, యువరాజును కాదు! ఇక రూపం ఎలా వస్తుంది?

ఆమె రాక్షసుడికి వీపు తిప్పి నిలబడింది. “యువరాజా, ఏదైనా చెప్పండి. మీరు మాట్లాడుతూ ఉండండి చాలు” అంది.

“ఏం చెప్పను?” సుకేతుడి గొంతు దోమ రెక్కల చప్పుడంత అయిపోయింది. “ఆ పులిని చూసినప్పుడు… నేను నిన్ను వదిలేసి చెట్టెక్కాను. నువ్వు గమనించలేదు.”

కువలయ నవ్వుతూనే మొదటి గీత వేసింది. ముక్కు గీత అది. కాస్త ఎడమకు ఒరిగిపోయింది.

“ఇంతేనా?” అన్నాడు కరాళుడు. వాడి నవ్వుకు గుహ ప్రతిధ్వనించింది.

కువలయ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె వెనక్కి తిరగకుండానే అంది: “ఆ మాట నాకు కొత్త కాదురా. రెండేళ్ళుగా నన్ను నేనే అనుకున్నాను, నీకన్నా గట్టిగా. ఇప్పటికి ఇంతే! ఇంకా గీస్తాను, చూడు.”

ఒరిగిన ముక్కును చెరపలేదు. దాని పక్కన చెంప గీసింది, తన పిరికితనం తానే చెప్పుకుని నవ్వే నోరు గీసింది. వాకిట్లో నిలబడి “పద!” అన్నవాడి కళ్ళు ఎలా ఉంటాయో అలా కళ్ళు గీసింది. రాక్షసుడు “ఇంతేనా? ఇంతేనా?” అని అరుస్తూనే ఉన్నాడు, కాని ఆ అరుపులో ఇప్పుడు కంగారు ఉంది. వెనక సుకేతుడి గొంతు ఆగిపోయింది. అయినా కుంచె ఆగలేదు. గీసి, గీసి, చివరికి కంటిపాపలో తెల్లని చుక్క పెట్టింది.

చంద్రశిల వెన్నెలలా వెలిగింది. కరాళుడి ఒంటి మీది రూపం తడిసిన కాగితంలా ఊడిపోయింది. దాని వెనకే వాడు దోచుకున్న రూపాలన్నీ పక్షుల గుంపులా ఎగిరి ఎవరివి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాయి. చివరికి వాడి దగ్గర ఉత్త నవ్వే మిగిలింది, అదీ గాలికి చెదిరిపోయింది. (పులి మాత్రం పాత చారలు తనకు అక్కర్లేదని పంపేసిందట.)

కువలయ వెనక్కి తిరిగింది. సుకేతుడు నిలబడి చేతులు తిప్పితిప్పి చూసుకుంటున్నాడు. తర్వాత ముఖం తడుముకున్నాడు.

“నా ముక్కు ఎడమకు ఒరిగినట్టుందేమిటి?”

“నా చెయ్యి వణికింది. కావాలంటే సరిచేస్తాను” అంది కువలయ.

“ముట్టుకోవద్దు! ఇలాగే బాగుంది.”

వాళ్ళు తిరిగివచ్చాక ఏ వరం కావాలో కోరుకోమని రాజు కువలయను అడిగాడు. కోట చుట్టూ ఉన్న ప్రహరీగోడ మొత్తం తనకు ఇచ్చెయ్యమంది ఆమె. అడవులు, ఏరులు, కప్పలు, కోళ్ళు, తోచినవన్నీ దాని మీద గీస్తూ పోయింది. సుకేతుడు రంగులు నూరి అందించేవాడు. అలా అందిస్తూనే ఒకనాడు పెళ్ళి మాట ఎత్తాడు. “ఈ బురుజు పూర్తి కానివ్వండి” అని సిగ్గుపడిందామె. బురుజు పూర్తయింది, పెళ్ళీ అయింది. పెళ్ళికూతురి గోళ్ళలో నీలిరంగు వదలలేదని ముత్తయిదువులు మురిసిపోయారు.

ఆ తర్వాత ఆ వంశంలో పుట్టిన బిడ్డలందరికీ ముక్కు రవ్వంత ఎడమకు ఒరిగే ఉండేది. హేమకూటంలో అందగాళ్ళంటే అలాగే ఉండాలని జనం నమ్మేవారు.